ఎనిమిది స్నానాల గదులు, సున్నా వాటం

ఒక సమీక్షా సమావేశంలో మా కమిషనరు గారి బాల్‌పెన్ను టేబుల్ మీంచి దొర్లి కింద పడింది. మా హాస్టల్ పిల్లల స్నానాలకు గ్రహణం పట్టింది ఆ క్షణాన్నే.

ఆ టేబుల్‌కి ఒక కాలు పొట్టి. ఆ సంగతి రోజూ అక్కడ టీ పెట్టే అటెండరుకి తెలుసు, చుట్టూ కూర్చున్న ఇంజనీర్లకీ తెలుసు. కమిషనరు గారు వంగి, తమ స్వహస్తాలతో పెన్ను తీసుకుని, నేలకేసి చూసి, "ఈ నేల వంకరగా ఉంది" అన్నారు. పదిమంది ఇంజనీర్లూ నేలకేసి చూసి, వంకరగానే ఉందని ఏకగ్రీవంగా తేల్చారు. పన్నెండో అంతస్తులో కూర్చున్నాయనకి నేల వంకరని చెప్పడం తేలిక, టేబుల్ వంకరని చెప్పడం కష్టం. ఎందుకంటే టేబుల్ కొన్నది ఆయనే.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "శాఖా పరిధిలో నిర్మింపబడు సమస్త తలములు సంపూర్ణ సమతలములై ఉండవలెను. ఎట్టి తలమునందును, ఎట్టి దిశయందును, ఎట్టి కారణము చేతను వాలు కానరాకూడదు. మినహాయింపులు లేవు." దీనికి సమతల సంకల్పం అని పేరు పెట్టారు. బ్యానర్లు కట్టారు. వార్డెన్లందరం కుడిచెయ్యి నేలకు సమాంతరంగా చాపి ప్రతిజ్ఞ చేశాం. ఆ చెయ్యి సరిగ్గా సమాంతరంగా ఉందా లేదా చూడటానికి ఒక సూపరింటెండెంటు వరసల మధ్య తిరిగాడు. నా చెయ్యి రెండుసార్లు సరిచేశాడు.

నేను నీలాద్రిపేట బాలికల హాస్టల్ వార్డెన్ని. పేరు సూర్యకళ. ఇరవై రెండేళ్ల సర్వీసులో చాలా సంకల్పాలు చూశాను. పచ్చదనం మీద ఒకటి, చిరునవ్వు మీద ఒకటి, పళ్లు తోముకోవడం మీద ఒకటి. అన్నీ బ్యానరు చిరిగేదాకా ఉండి వెళ్లిపోయాయి. ఇదీ అంతేలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మా హాస్టల్లో నూట పన్నెండుమంది ఆడపిల్లలు. పాత స్నానాల గదుల కప్పు వానలకి కూలిపోయింది. అప్పట్నించీ పిల్లలు పెరట్లో బోరు కుళాయి దగ్గర, నీలం టార్పాలిన్ చుట్టూ కట్టుకుని స్నానాలు చేస్తున్నారు. గోడకవతల లారీల షెడ్డు. అక్కడ మెకానిక్కులకి ఏ రిపేరు వచ్చినా సరిగ్గా పిల్లల స్నానాల వేళకే లారీ కేబిన్ మీదికెక్కి చూడాల్సి వచ్చేది. ఒకడైతే ఫోను కూడా పట్టుకుని ఎక్కేవాడు. వెళ్లి అడిగితే షెడ్డు యజమాని, "లారీకి పైన కూడా పనుంటదండి మేడం" అన్నాడు. పోలీసులకి కాగితం ఇచ్చాను. వాళ్లు గోడ ఎత్తు పెంచుకోమని సలహా ఇచ్చారు. ఈలోగా ఏడుగురు పిల్లల్ని తల్లిదండ్రులు వచ్చి తీసుకుపోయారు. వెళ్లినవాళ్లు మళ్లీ బడికి వస్తారని నేనెప్పుడూ నమ్మలేదు.

ఎలాగైతేనేం, ఎనిమిది కొత్త గదులు లేచాయి. వాటికి టైల్స్ వేసింది నూకరాజు మేస్త్రీ. ఆయన భార్య చిట్టెమ్మ సిమెంటు కలిపి అందిస్తే ఆయన పరుస్తాడు. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకుంటూనే పని చేస్తారు గానీ వాళ్లు వేసిన టైలు వెంట్రుక వాసి పక్కకి జరగదు. కాలు జారకుండా గరుకుగా ఉండే బూడిదరంగు టైల్స్. గోడ మొదట్లోంచి తూము దాకా లైను దారం కట్టి, ఆ దారం మీద చూపు పెట్టి, రబ్బరు సుత్తితో ఒక్కొక్క టైలునీ తట్టి కూర్చోబెట్టేవాడు. గది పూర్తయ్యాక ఆయన పరీక్ష ఒక్కటే. ఎత్తుగా ఉన్న మూల చెంబుడు నీళ్లు పోస్తాడు. అవి ఎక్కడా ఆగకుండా తూములోకి వెళ్లిపోతే బీడీ వెలిగిస్తాడు. ఎక్కడైనా అరచేతి మడుగు నిలబడితే ఆ టైలు పీకేస్తాడు. ఎనిమిది గదులకీ ఎనిమిది బీడీలు కాల్చాడు.

గదులు అప్పగించాలంటే సమతల ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. దాన్ని ఇచ్చే అధికారి భాగ్యనాథం గారు. అంతకుముందు హాస్టళ్లకి వచ్చే కోడిగుడ్ల సైజు ధ్రువీకరించే విభాగంలో ఉండేవారు. ఆయన రసమట్టాన్ని ఎర్ర మఖ్మలు పెట్టెలో పెట్టుకుని వచ్చారు. పెట్టె మోయడానికి ఒకడు, తెరవడానికి ఒకడు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి రసమట్టాన్ని నేలమీద ఆనించారు. గాజు గొట్టంలో బుడగ నెమ్మదిగా గోడవైపుకి పోయింది.

భాగ్యనాథం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ తలము ఎవరి కృతం?"

"నేనేసిందేనండి," అన్నాడు నూకరాజు.

"బుడగ ఎటు పోయినదో గమనించితివా?"

"ఆయ్. తూమువైపు పల్లం కదండి. బుడగ ఎత్తుకే పోద్దండి."

"అనగా వాలు ఉన్నట్టు అంగీకరిస్తున్నావు."

"అంగీకరించడమేంటండి, నేనే పెట్టాను. వాటం లేపోతే నీల్లెలా పోతాయండి?"

భాగ్యనాథం గారు తన గుమాస్తా వైపు తిరిగి, "నేరాంగీకారం, స్వచ్ఛందంగా. రాసుకో" అన్నారు.

నేను మధ్యలో దూరాను. "సార్, అవి స్నానాల గదులు. నీళ్లు పోతేనే కదా గది."

"అమ్మా, నీరు ఎటు పోవలెనన్న విషయమై సర్క్యులరు మౌనం వహించినది. తలము ఎట్లుండవలెనన్న విషయమై స్పష్టముగా మాట్లాడినది. మనం మాట్లాడినదాని మాట వినవలెనా, మౌనము మాట వినవలెనా?"

గుమ్మం బయటనించి చిట్టెమ్మ, "ఈయన ఇంట్లో నీల్లెటు పోతాయో అడగండి అమ్మగారూ" అంది. భాగ్యనాథం గారు అది వినపడనట్టు రసమట్టాన్ని పెట్టెలో పడుకోబెట్టారు.

టైల్స్ అన్నీ పీకి మళ్లీ వెయ్యమని ఆర్డరు. నూకరాజు వేసిన టైలు పీకితే రాదు, పగిలి ముక్కలై రావాల్సిందే. ఉలి, సుత్తి పట్టుకుని తన పనిని తనే మూడు రోజులు పగలగొట్టుకున్నాడు. పోట్లాట కూడా మానేశారు మొగుడూ పెళ్లాలు. తరవాత నీళ్ల ట్యూబుతో మట్టం చూసి, ఎనిమిది గదుల నేలలూ మళ్లీ పరిచాడు. అయ్యాక నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ముప్పయ్యొక్క ఏల్లయిందండి తాపీ పట్టి. నీల్లు నిలబడే నేల ఇప్పుడేసానండి, మీ దయవల్ల."

"నా దయేముంది నూకరాజూ?"

"మీ దయంటే మీది కాదండి. మీ పైవోల్ల దయ."

భాగ్యనాథం గారు మళ్లీ వచ్చారు. బుడగ గొట్టం నట్టనడుమ కొలువుదీరింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూసి నాకు ఒళ్లు మండి, ఒక బకెట్టు నీళ్లు తెచ్చి ఆయన కాళ్లముందే కుమ్మరించాను. నీళ్లు గదంతా పరుచుకుని అలాగే ఉండిపోయాయి. తూము పక్కనే ఉన్న నీళ్లు కూడా తూములోకి చూస్తూ కూర్చున్నాయి.

"చూడండి సార్," అన్నాను.

"చూస్తున్నాను," అన్నారాయన గద్గదమైన గొంతుతో. "ఎటూ పోలేదు. ఇంతకు మించిన రుజువు ఏమున్నదమ్మా? ఫొటో తీయించండి."

ఫొటో తీయించారు. అది తరవాత శాఖ క్యాలెండరులో జూన్ నెల బొమ్మగా వచ్చింది. అయినా పత్రం మాత్రం ఇవ్వలేదు. రసమట్టాన్ని గదంతా జరుపుతూ పోతే తూము దగ్గర అది కాస్త ఒరిగిందట.

"ఇచ్చట తలము లేదు," అన్నారాయన.

"తూమండి అది," అన్నాడు నూకరాజు.

"పేరు ఏదైనను కానిమ్ము. తలము లేనిచోట సమతలము ఎట్లుండును? పూడ్చవలెను."

ఎనిమిది తూములూ పూడ్చి పైన టైల్స్ వేశారు. తరవాత గుమ్మంలో అర అంగుళం ఎత్తున ఉన్న రాతిపట్టీ కూడా తలభంగమేనని తేలింది. నీళ్లు వరండాలోకి రాకుండా ఆపేది అదొక్కటే. దాన్నీ పీకించారు. ఇప్పుడు స్నానాల గది, వరండా, పిల్లలు పడుకునే హాలు అన్నీ ఒకే తలం. ఒక బకెట్టు పోస్తే నీళ్లు గది దాటి, వరండా దాటి, హాల్లో పిల్లల పెట్టెల కిందికి సమానంగా చేరాయి. సమానత్వం అంటే ఏమిటో మా హాస్టల్లో మొట్టమొదటిసారి చూశాను.

నేను రిపోర్టు రాశాను. జవాబు రాదేమో అనుకున్నాను గానీ, వచ్చింది. నీటిని తోయడానికి "జల గమన సహాయకురాలు" అనే కొత్త పోస్టు సృష్టించే విషయం పరిశీలనలో ఉందని. నీళ్లు తోసేందుకు డిగ్రీ చాలా, పీజీ కావాలా అన్నదాని మీద ఒక సబ్‌కమిటీ వేశారు. తోస్తే ఎటు తోయాలి అని ఒక సభ్యుడు అడిగాడట. ఆయన్ని కమిటీలోంచి తీసేశారు. చివరికి హెడ్డాఫీసులో ఒక మేధావి అసలు మూలం పట్టుకున్నాడు. సమస్యంతా నీటితో వచ్చింది, నీరు కుళాయితో వచ్చింది, కాబట్టి కుళాయి తీసేస్తే తలానికి ఏ ప్రమాదమూ లేదు. కుళాయిలు విప్పించి మా స్టోరు గదిలోనే నా అధీనంలో ఉంచారు. వెంటనే "శుష్క స్నాన మార్గదర్శకాలు" అని పద్నాలుగు పేజీల పుస్తకం వచ్చింది. అందులో నీరు అనే మాట ఒక్కచోటే ఉంది, నిషిద్ధ వస్తువుల జాబితాలో.

ఇదంతా జరిగి పత్రం చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. నూట పన్నెండుమందిలో ఎనభై తొమ్మిదిమంది మిగిలారు.

ఆ ఆదివారం దేముడమ్మ తండ్రి వచ్చాడు. దేముడమ్మ పదో తరగతి. సముద్రం ఒడ్డు పల్లె. వాళ్ల ఊళ్లో పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే. లెక్కల మాస్టారు ఆ పిల్ల నోటుపుస్తకం మిగతా పిల్లలకి చూపించి పాఠం చెబుతాడు. తండ్రి పైడిరాజు వేటకెళ్లే మనిషి. చేతిలో ఖాళీ సంచీ ఉంది. ఖాళీ సంచీతో వచ్చిన తండ్రి పిల్ల సామాను తీసుకుపోవడానికే వస్తాడు.

"పిల్లని తీసుకెల్లిపోతానండి మేడంగారూ."

"పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి పైడిరాజూ. ఒక్క వారం ఆగు."

"వారం వారం అని మూడు నెల్లయిందండి. పిల్ల తలకి పోసుకుని పదిరోజులయిందంట. ఆ లారీ మీదెక్కినోడు ఫోనులో తీసాడని పిల్లలు సెప్పుకుంటన్నారంట. మా ఊల్లో ఎవడి ఫోనులోనైనా నా కూతురు కనపడితే నేను బతకనండి. సదువు ఉంటే ఉంటది, పోతే పోద్ది."

దేముడమ్మ స్తంభం పక్కన నిలబడి నేలకేసి చూస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే నేను ఇంకేదైనా చెప్పగలిగేదాన్నేమో.

"గురువారం కమిషనరు గారు వచ్చి గదులు ప్రారంభిస్తారు. వచ్చే ఆదివారం నువ్వు రా. ఆ రోజు నీ కూతురు తలుపు వేసుకుని స్నానం చెయ్యకపోతే నేనే దగ్గరుండి పంపిస్తాను," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

"మీ మాట మీద ఆగుతన్నాను. ఆదివారం ఒత్తాను," అని ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

గురువారం కమిషనరు గారు వచ్చారు. "సంపూర్ణ సమతల స్నానశాల, రాష్ట్రంలో ప్రథమం" అని చెక్కిన నల్లరాతి ఫలకాన్ని ఆవిష్కరించారు. ఒక్కొక్క గదిలోకీ వెళ్లి నిలబడి, తృప్తిగా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చారు. పూలగుత్తి ఇచ్చిన దేముడమ్మని, "గది ఎలా ఉంది పాపా?" అని అడిగారు.

"పొడిగా ఉందండి," అంది దేముడమ్మ.

ఆయన పరమానందపడ్డారు. ఆ మాట ఆయన ప్రసంగంలో మూడుసార్లు వచ్చింది. ప్రసంగం చివర భాగ్యనాథం గారు లేచి, ధ్రువీకరణ నిబంధనలు చదివి వినిపించారు. అందులో తొమ్మిదోది ఇలా ఉంది. "ఒకసారి ధ్రువీకరింపబడిన తలముపై మరల రసమట్టము నుంచుట ధ్రువీకరణాధికారిని శంకించుట యగును. అట్టివారిపై శాఖాపరమైన చర్య తీసికొనబడును."

నేను అప్పటిదాకా సగం నిద్రలో ఉన్నాను. తొమ్మిదో నిబంధన దగ్గర నిటారుగా కూర్చున్నాను. అంటే ఇక ఈ నేలని కొలిచే మగాడు ఈ రాష్ట్రంలో లేడు. ఫలకం గోడ మీద ఉన్నంతకాలం ఇది సమతలమే.

కమిషనరు గారి కారు మలుపు తిరగ్గానే నూకరాజుని పిలిచాను. విషయం చెప్పాను. ఆయన సంచీలోంచి ఉలి తీశాడు. చిట్టెమ్మ, "ఈసారి ఎన్నిసార్లు పీకాలో ఇప్పుడే సెప్పేయండి అమ్మగారూ, ఒకేసారి పీకేత్తాం" అంది. మొదటిసారి పీకించినప్పుడు శాఖవాళ్లు పంపిన టైల్స్‌లో మిగిలిన పెట్టెలు వెనకాలే పడి ఉన్నాయి. తూములు తెరిచారు. నూకరాజు మళ్లీ లైను దారం కట్టి, మళ్లీ వాటం పెట్టాడు. స్టోరు రిజిస్టరులో కుళాయిల ఎదురుగా "దొంగతనం జరగకుండా గోడలకు గట్టిగా బిగించి భద్రపరచడమైనది" అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు కలిగిన సంతోషం నా ప్రమోషను రోజున కూడా కలగలేదు.

ఆదివారం పైడిరాజు వచ్చేసరికి ఒక గది ఆరి సిద్ధంగా ఉంది. లోపలికి తీసుకెళ్లాను. నూకరాజు మూలన చెంబుడు నీళ్లు పోశాడు. అవి గలగలమంటూ తూములోకి పోయాయి. పైడిరాజు చెంబు అందుకుని తనూ ఒకసారి పోసి చూశాడు. తరవాత తలుపు దగ్గరికెళ్లి గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూశాడు. తలెత్తి పైన కిటికీ ఎంత ఎత్తులో ఉందో చూశాడు.

"సరేనండి," అన్నాడు. సంచీలోంచి ఎండుచేపల పొట్లం తీసి నాకిచ్చి, సంచీ ఖాళీగానే పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దేముడమ్మ తలకి పోసుకుంది. గంటన్నర బయటికి రాలేదు. మిగతా పిల్లలు తలుపు కొట్టి గోల చేస్తుంటే, ఉండనీయండే అని నేనే వాళ్లని కసిరాను. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దాచుకోవాల్సిన పనేం లేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ నేను పనిచేసేది ప్రభుత్వంలో.

నెల తిరిగేసరికి ఆ మాదిరి స్నానశాల చూడటానికి జిల్లాల నించి బృందాలు దిగాయి. నేను అడ్డుపడేలోపే ఒకాయన కుళాయి తిప్పాడు. నీళ్లు చక్కగా తూములోకి పోయాయి. అందరూ గోడమీద ఫలకం చూశారు, నేల చూశారు, మళ్లీ ఫలకం చూశారు. ఒక్కడు కూడా వంగి చూడలేదు. ఒక కుర్ర ఇంజనీరు మాత్రం తల పక్కకి వంచి నేలకేసి ఒక కన్ను మూసి చూడబోయాడు. పక్కాయన చెవిలో తొమ్మిదో నిబంధన చెప్పాడు. ఆ కుర్రాడు రెండు కళ్లూ తెరిచి నిటారుగా నిలబడ్డాడు.

బృందం నివేదిక ఇచ్చింది. "సంపూర్ణ సమతలముపై నీరు స్వచ్ఛందముగా, ఎట్టి ప్రలోభమును లేకుండ తూమును చేరుచున్నది. వాలు ఆవశ్యకమన్న పురాతన మూఢనమ్మకము నీలాద్రిపేటలో పటాపంచలైనది." దాని మీద కమిషనరు గారు సంతకం చేసి, సమతల సంకల్పాన్ని రాష్ట్రంలోని నాలుగు వందల పన్నెండు హాస్టళ్లకూ విస్తరించారు. కొత్త గదులే కాదు, పాతవి కూడా. ఏ ఊళ్లో ఏ మేస్త్రీ ఏ కాలంలో వాటం పెట్టి వేసిన స్నానాల గదైనా సరే, పగలగొట్టి మట్టం చెయ్యాలి. మేస్త్రీలందరికీ రెండు రోజుల సమతల శిక్షణ ఇచ్చారు. వాటం పెట్టనని రాసిచ్చినవాడికే గుర్తింపు కార్డు. నూకరాజు శిక్షణకి వెళ్లలేదు. చిట్టెమ్మ ఒక్కతే వెళ్లి, భోజనం బాగుందని చెప్పి వచ్చింది.

రాష్ట్ర సదస్సుకి నన్ను పిలిచారు. హాలు నిండా వార్డెన్లు. నన్ను వేదిక మీదికి పిలిచి కమిషనరు గారే స్వయంగా మైకు అందించారు.

"సూర్యకళ గారూ, మీ స్నానశాల నేల సమతలమేనా?"

ఎదురుగా నాలుగు వందల ముఖాలు. నిజం చెబుదామని నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. నిజం చెబితే సోమవారం పొద్దున్నే భాగ్యనాథం గారు గునపంతో మా గుమ్మంలో ఉంటారు. దేముడమ్మ పరీక్షలకి ఇంకా మూడు వారాలుంది.

"సమతలమేనండి," అన్నాను.

"నీళ్లు పోతున్నాయా?"

"పోతున్నాయండి."

"విన్నారు కదా," అని ఆయన హాలుకేసి తిరిగారు. "మీ దగ్గర పోవడం లేదంటే లోపం నేలలో లేదు. మీ సంకల్పంలో ఉంది."

ఆ నాలుగు వందలమంది నన్ను ఎలా చూశారో చెప్పను. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. వాలు నిషిద్ధమైన సభలో అది ఎవరూ గమనించలేదు.

భోజనాల దగ్గర వాళ్లు నెమ్మదిగా నా చుట్టూ చేరారు. అన్నంలో పప్పు కలుపుకుంటూ ఒకావిడ, ఫలకం వేసిన తరవాత ఏం చెయ్యాలి అని అడిగింది. నేను గొంతు తగ్గించి చెప్పాను. ముందు మట్టం చేయించండి, ఫొటో తీయించండి, ఫలకం బిగించేదాకా ఓపిక పట్టండి, ఆ మర్నాడు నూకరాజుకి ఫోను చెయ్యండి. గుర్తింపు కార్డు పోతుందని మిగతా మేస్త్రీలు వాటం పేరెత్తితే పారిపోతున్నారు. ఈ పనికి ఒప్పుకునేది ఆ మొగుడూ పెళ్లాలు ఇద్దరే. ఒక్కో హాస్టల్‌కి ఆరు రోజులు. ఎవరు ముందు అడిగితే వాళ్లకి ముందు. నా హ్యాండ్‌బ్యాగులో చిన్న చీటీలు ఉన్నాయి. వరస నంబరు వేసి ఇస్తున్నాను.

వరస చివర రత్నమాణిక్యం గారని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఏజెన్సీ కొండల్లో హాస్టల్. మరో ఏడాదిలో రిటైరవుతుంది. వాళ్ల పాత స్నానాల గదులు నలభై ఏళ్లుగా నిక్షేపంగా ఉన్నాయట. కిందటి నెల నా హాస్టల్ పేరు చెప్పి పగలగొట్టారు.

"మాదెన్నో నంబరమ్మా?"

"నలభై మూడు."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆరు రోజుల చొప్పున నలభై రెండు హాస్టళ్లు. "ఎనిమిది నెలలు దాటుతుంది కదూ."

"దాటుతుందండి."

"అరవైమంది పిల్లలు నాకు. వాగుకి పోయి స్నానం చేస్తున్నారు. పంతొమ్మిదిమంది వెళ్లిపోయారు. ఎనిమిది నెలలకి మేస్త్రీ వచ్చి ఎవరికోసం వేస్తాడమ్మా ఆ నేల?"

చీటీ మీద నలభై మూడు వేసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చిన్న పర్సులో దాచుకుంది. అంతలో మైకులో నా పేరు పిలిచారు. సమతల రత్న పురస్కారమట. చెయ్యి కడుక్కుని వెళ్లి శాలువా కప్పించుకున్నాను.

హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక వరసలో రత్నమాణిక్యం గారు కూడా లేచి నిలబడి కొట్టింది.